ఎర్రచందనం: రెక్కల కాయ, విత్తన వ్యాప్తి

ఎర్రచందనం చిక్కుడు కుటుంబానికి చెందిన ఆకురాల్చే చెట్టు. శాస్త్రనామం టెరోకార్పస్ శాంటాలినస్. తూర్పు కనుమల దక్షిణపు కొసలో శేషాచలం, పాలకొండలు, వెలిగొండలు, లంకమల, నల్లమలలో కొంత మేర మాత్రమే ఇది తనంతట తాను పెరుగుతుంది. పాత చిత్తూరు, కడప జిల్లాల అడవుల్లో ఎక్కువ, నెల్లూరు వైపు కొంత, సరిహద్దు దాటి తమిళనాడు కొండల్లో కాస్త కనిపిస్తుంది. ప్రపంచంలో మరెక్కడా ఇది అడవి చెట్టుగా లేదు. దీని చేవ గురించి, ఆ చేవ ధర గురించి, దాన్ని దొంగచాటుగా తరలించేవారి గురించి పత్రికలు తరచూ రాస్తూనే ఉంటాయి. అంత చేవ కట్టిన చెట్టు ఏ గింజ నుంచి వచ్చింది, ఆ గింజ తల్లిచెట్టును వదిలి ఎలా కదిలింది అన్న సంగతి మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఈ చెట్టు కాయకు గాలిలో తేలే రెక్క ఉంది. రెక్క ఉండి కూడా నాలుగైదు కొండల వరుసలు దాటి పోలేదు. ఈ రెండు సంగతులనూ ఒకచోట పెట్టి చూస్తేనే దీని విత్తన వ్యాప్తి బోధపడుతుంది.

చెట్టు, నేల

మాను మధ్యరకం. మామూలుగా ఎనిమిది నుంచి పదకొండు మీటర్ల ఎత్తు. బెరడు నల్లగా, పలకలు పలకలుగా పగిలి ఉంటుంది. గాటు పెడితే ఎర్రటి జిగురు కారుతుంది. ఆకుకు సాధారణంగా మూడు రేకులు. ఈ చెట్టును 1780ల తొలినాళ్లలో వృక్షశాస్త్ర గ్రంథాలకెక్కించినవాడు స్వీడన్ దేశపు చిన్న లిన్నేయస్, అంటే వృక్షాలకు జంటపేర్ల పద్ధతిని స్థిరపరచిన కార్ల్ లిన్నేయస్ కొడుకు. 1968లో భారతదేశపు అడవులను రకాలుగా విభజించిన ఛాంపియన్, సేత్‌లు ఎర్రచందనం ఉన్న ఎండు అడవిని విడిగా ఒక రకంగానే లెక్కగట్టారు.

ఈ చెట్టుకు నీళ్లు నిలవని నేల కావాలి, ఎండ బాగా తగలాలి. క్వార్ట్‌జైటు, పలకరాయి, గులకతో నిండిన వాలుల్లో, సముద్రమట్టానికి సుమారు 150 నుంచి 900 మీటర్ల ఎత్తు వరకు ఇది పెరుగుతుంది. తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కేవారు కింద గ్రానైటును, దాని మీద పొరలు పొరలుగా పేరుకున్న క్వార్ట్‌జైటును చూడగలరు. భూగర్భ శాస్త్రజ్ఞులు ఎపార్కియన్ అన్‌కన్‌ఫర్మిటీ అని పిలిచే చోటు అదే. ఆ పై పొర రాయి చీలికల్లో, బండల మధ్య ఆగిన పిడికెడు మట్టిలో ఎర్రచందనం వేరు దించుతుంది. లోతైన మంచి నేల మీద అయితే వేరే చెట్లు ఎత్తుగా ఎదిగి దీనికి నీడ కమ్మేస్తాయి. నీడను ఇది ఓర్చుకోలేదు. కాబట్టి దీని గింజ చేరవలసిన చోటు ఇతర చెట్లు వద్దనుకున్న చోటే. విత్తన వ్యాప్తిలో ప్రతి అంశమూ ఈ అవసరం చుట్టూ తిరుగుతుంది.

పూత నుంచి కాయ దాకా

ఉగాది ముందు వెనుకలుగా లేత చిగురుతో పాటు పూత మొదలై మే దాకా సాగుతుంది. పూలు పసుపు, మంచి వాసన. రాత్రివేళ విచ్చుకుంటాయి. చెట్టు రోజూ కొద్ది పూలే పూస్తుంది. రెండు మూడు రోజులకొకసారి మాత్రం ఒక్కసారిగా విరగబూస్తుంది. ఆ రోజుల్లో చెట్టు చుట్టూ తేనెటీగల రొద. బండలకు పెద్ద పట్టు పెట్టే కొండ తేనెటీగ, తొర్రల్లో ఉండే తేనెటీగ, కొమ్మలకు చిన్న పట్టు కట్టే చిన్న తేనెటీగ, మూడూ వస్తాయి. పుప్పొడిని చెట్టు నుంచి చెట్టుకు చేరవేసేది ఇవే.

ఇంత పూతకు దక్కే కాయలు చాలా తక్కువ. ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకుడు ఎ.జె.సాల్మన్ రాజు, ఆయన సహచరుడు 2002లో ప్రచురించిన పరిశీలన ప్రకారం సహజంగా కాయ కట్టే పూలు నూటికి ఆరు దాటవు. ఒక చెట్టు పుప్పొడిని చేత్తో తీసి మరో చెట్టు పూలకు అద్దితే ఆ సంఖ్య 52కు పెరిగింది. ఎర్రచందనం తన పుప్పొడితో తాను కట్టిన పిందెల్లో చాలావాటిని రాల్చేస్తుంది, పరాయి చెట్టు పుప్పొడితో కట్టిన వాటినే ఎక్కువగా నిలుపుకొంటుంది. దీనికి విత్తన వ్యాప్తితో నేరుగా సంబంధం ఉంది. పక్కన మరో ఎర్రచందనం, మధ్య తిరిగే తేనెటీగ లేకపోతే రెక్క ఎంత బాగున్నా దాని మీద ఎక్కి పోవడానికి గింజే ఉండదు.

మే చివరికి పిందె కనిపిస్తుంది. వానాకాలమంతా పచ్చగా పెరిగి, చలికాలంలో ముదిరి, సంక్రాంతి దాటాక గోధుమరంగుకు తిరుగుతుంది. పూత నుంచి పండుబారే దాకా సుమారు పది నెలలు. అంత కాలం కాయను మోసేటప్పుడు చెట్టు మీద కొత్త పూత కూడా వచ్చేస్తుంది. మార్చి, ఏప్రిల్‌లలో చామల, భాకరాపేట, మామండూరు అడవుల్లో నిరుటి ఎండుకాయ, ఈ ఏటి పూమొగ్గ ఒకే కొమ్మ మీద కనిపించవచ్చు.

కాయ నిర్మాణం

చిక్కుడు కుటుంబంలో కాయ అంటే ఎండి రెండు చెక్కలుగా విచ్చుకుని గింజల్ని విదిల్చేదని మనకు అలవాటు. ఎర్రచందనం కాయ విచ్చుకోదు. కాయ మొత్తంగానే రాలుతుంది, మొత్తంగానే ఎగురుతుంది, నేల మీద మొత్తంగానే ఉండి లోపలి గింజను మొలిపిస్తుంది. చూడటానికి మధ్యలో ఉబ్బిన చిన్న అప్పడంలా గుండ్రంగా, బల్లపరుపుగా, నాలుగైదు సెంటీమీటర్ల అడ్డుకొలతతో ఉంటుంది. మధ్యనున్న గట్టి భాగంలో ఒక గింజ, అరుదుగా రెండు. దాని చుట్టూ కాగితమంత పలుచని రెక్క, ఆ రెక్కలో సన్నని ఈనెలు. తొడిమ ఉన్న వైపు కొంచెం ఒంకర తిరిగి ఉండటం వల్ల కాయ పూర్తి వృత్తం కాదు. కిలో తూగడానికి వెయ్యి అటూ ఇటూగా కాయలు పడతాయి, అంటే ఒక్కో కాయ ఒక గ్రాము ఉంటుందో ఉండదో. పైకి నిండుగా కనిపించినా లోపల గింజ లేని తాలు కాయలు కూడా వీటిలో ఉంటాయి.

గాలిలో

గాలికి ఎగిరే కాయలు అన్నీ ఒకే తీరుగా ఎగరవు. గింజ ఒక కొసన, రెక్క మరో కొసన ఉన్న కాయ తన చుట్టూ తాను గిరగిరా తిరుగుతూ దిగుతుంది. గింజకు దూది అంటుకుని ఉంటే అది తేలుతూ పోతుంది. ఎర్రచందనంలో బరువు నడిమధ్యన ఉండి రెక్క చుట్టూ ఉంది కనుక కాయ ఒక పక్కకు వాలి జారుతుంది, మళ్లీ ఎదురు పక్కకు వాలుతుంది, ఒక్కోసారి పల్టీ కొడుతుంది. తిన్నగా రాయిలా పడకుండా ఇలా ఊగుతూ దిగడమే దీనికి కలిసొచ్చేది. దిగడానికి ఎంత ఎక్కువ సేపు పడితే గాలికి అంత ఎక్కువ వ్యవధి దొరుకుతుంది.

లెక్క వేసి చూద్దాం. కాయ పది మీటర్ల ఎత్తు నుంచి రాలిందని, సెకనుకు రెండున్నర మీటర్ల వేగంతో దిగుతోందని అనుకుంటే నేల చేరడానికి నాలుగు సెకన్లు. ఆ నాలుగు సెకన్లలో సెకనుకు ఐదు మీటర్ల గాలి ఉంటే కాయ 20 మీటర్ల దూరాన పడుతుంది. గాలి రెట్టింపైతే 40 మీటర్లు. ఇదంతా సమతల నేల లెక్క. శేషాచలం సమతలం కాదు. ఏటవాలు అంచున ఉన్న చెట్టు కాయ లోయ వైపు కదిలితే కింద నేల కూడా దిగిపోతూ ఉంటుంది కాబట్టి గాలిలో ఉండే సమయం పెరుగుతుంది. తలకోన లాంటి లోతైన కోనల అంచుల్లో రాలిన కాయ ఎక్కడ ఆగుతుందో ఈ చిన్న లెక్కకు అందదు.

ఇందులో రెక్క వైశాల్యం కన్నా ముఖ్యమైనది, రెక్క మీద పడే బరువు. ఒకే వైశాల్యం ఉన్న రెండు కాయల్లో బరువైనది త్వరగా పడుతుంది. అందువల్ల చెట్టు రెండు అవసరాల మధ్య నిలబడి ఉంది. గింజలో తిండి ఎక్కువ నింపితే మొలక బండల మధ్య కూడా కొన్నాళ్లు నిలదొక్కుకుంటుంది, కానీ కాయ దూరం పోదు. తేలిక చేస్తే దూరం పోతుంది, చేరిన చోట బతకదు. ఎర్రచందనం మధ్యదారి పట్టింది. కొన్ని పదుల మీటర్ల ప్రయాణం, ఆపైన కాస్త చద్దిమూట.

అదను కూడా ఈ ఎగురుడులో భాగమే. శివరాత్రి నాటికి శేషాచలం అడవి చాలామటుకు ఆకు రాల్చి ఉంటుంది. ఆకులున్న అడవిలోకి గాలి చొరబడదు, కాయ పక్క చెట్టు గుబురులో చిక్కుకుంటుంది. మోడువారిన అడవిలో అడ్డం ఉండదు. పైగా ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు పగటి ఎండకు కొండవాలు బాగా వేడెక్కి, గాలి లోయ నుంచి పైకి పాకుతుంది. ఎండి పెళుసెక్కిన తొడిమ తెగేది కూడా మంచు తేమ ఉన్న తెల్లవారుజామున కాదు, వేడిగాలి విసిరే మధ్యాహ్నమే ఎక్కువ. గాలి పనికొచ్చే వేళకే కాయ తెగుతుంది. ఉష్ణమండలపు ఎండు అడవుల్లో, అది మధ్య అమెరికా అయినా మన రాయలసీమ అయినా, గాలిని నమ్ముకున్న చెట్లు ఎక్కువగా వేసవిలోనే కాయలు పండిస్తాయి. పక్షుల్ని నమ్ముకున్నవి చాలావరకు తొలకరికి పండిస్తాయి.

అంత కష్టపడి తల్లిచెట్టుకు దూరంగా పోవడం ఎందుకన్న ప్రశ్నకు 1970, 71లలో ఇద్దరు శాస్త్రజ్ఞులు, అమెరికాకు చెందిన డేనియల్ జాన్‌జెన్, జోసెఫ్ కానెల్, వేర్వేరుగా ఒకే జవాబు చెప్పారు. తల్లిచెట్టు కింద గింజలు కుప్పగా పడతాయి. ఆ జాతిని తినే పురుగులు, తెగుళ్లు, ఎలుకలు అక్కడే కాపు వేసి ఉంటాయి. కొంచెం దూరం పోయిన గింజకే బతికే అవకాశం ఎక్కువ. ఎర్రచందనానికి నీడ బాధ కూడా తోడవుతుంది. కాయకు ఒక మైలు దూరం అక్కర్లేదు. తల్లి నీడ దాటి, ఎండ పడే ఒక బండ సందు చేరితే చాలు.

నేల మీద

కాయ పడ్డాక ప్రయాణం పూర్తయినట్టు కాదు. నున్నటి బండ మీద పడిన కాయను తరువాతి గాలి మళ్లీ దొర్లిస్తుంది. తొలి జడివాన నీటిధార వాలు వెంట లాక్కుపోయి రాళ్ల గుంపు దగ్గరో, వంక ఒడ్డునో, చెట్టు వేరు అడ్డంపడ్డ చోటో వదిలేస్తుంది. అక్కడే ఆకుచెత్త, మట్టి కూడా చేరతాయి. గాలి చల్లినవాటిని నీళ్లు కొన్ని చోట్ల పోగేస్తాయి.

ఫిబ్రవరిలో రాలిన గింజకు మొలిచే అవకాశం జూన్ జల్లులకు ముందు దాదాపు లేదు. తిరుపతి ప్రాంతానికి అసలైన వాన అక్టోబరు, నవంబరుల ఈశాన్య ఋతుపవనంతో వస్తుంది. మధ్యలో ఏప్రిల్, మే నెలల్లో మామిడి కాపుకు వణుకు పుట్టించే ఒకటి రెండు గాలివానలు పడతాయి. ఆ ఒక్క వానకు మోసపోయి మొలిస్తే మొలక మే ఎండకు మాడిపోతుంది. కాయ గట్టితనం ఇక్కడ కాపాడుతుంది. నీటిని లోపలికి నెమ్మదిగా మాత్రమే రానిస్తుంది, కాబట్టి ఒక్క వానకు గింజ లేవదు. నాలుగు రోజులు నాని, తేమ నిలిచి ఉన్నప్పుడే మొలక బయటికొస్తుంది. ఆ జాగ్రత్తకు మూల్యం కూడా ఉంది. నేల మీద పడి ఉన్నన్నాళ్లూ కాయను పురుగు తొలుస్తుంది, ఎలుక కొరుకుతుంది, నిప్పు కాలుస్తుంది. గింజ జీవశక్తి ఏడాది దాటితే బాగా తగ్గిపోతుంది.

నర్సరీల్లో ఎర్రచందనం మొక్క పెంచేవారు ఈ ఆలస్యాన్ని తగ్గించడానికి పాత పద్ధతినే వాడతారు. కాయల రెక్కలు కత్తిరించి, పేడనీళ్లలో మూడు రోజుల దాకా నానబెట్టి, ఆ తరువాత మడిలో చల్లుతారు. రెండు మూడు వారాల్లో మొలకలు మొదలవుతాయి. అలా చేసినా వేసిన గింజల్లో సగం అటూ ఇటూగా లేస్తే మంచి మొలక కిందే లెక్క. చేతిలో పెట్టి చూసుకున్న గింజ సంగతే ఇది. బండ మీద పడ్డ గింజ సంగతి ఊహించుకోవచ్చు.

గింజ ఒక్కటే దారి కూడా కాదు. నరికిన మోడు నుంచి ఎర్రచందనం బాగా చిగురిస్తుంది. కాబట్టి నరుకుడు పడిన అడవిలో పిల్లమొక్కలుగా కనిపించేవి నిజానికి పాత మోళ్ల చిగుళ్లు కావచ్చు. చూడటానికి అడవి తేరుకున్నట్టే ఉంటుంది. కానీ చిగురు కొత్త చోటికి పోలేదు, కొత్త జన్యువుల్నీ కలపలేదు. కొత్త చోటు పట్టేది గింజ ఒక్కటే.

టెరోకార్పస్ బంధువులు

ఒకే ఇంటిలోని చెట్లు కాయను ఎన్ని రకాలుగా మలచుకున్నాయో చూస్తే ఎర్రచందనం పద్ధతి ఇంకా స్పష్టమవుతుంది. మన కొండల్లోనే ఉన్న వేగి (టెరోకార్పస్ మార్సూపియం) కాయ దాదాపు ఇలాంటిదే, చుట్టూ రెక్కతో. దీనికి ఇంకాస్త తేమ ఉన్న అడవి పనికొస్తుంది. దక్షిణ, మధ్య భారతంలో చాలా దూరం విస్తరించింది. అంటే ఒకే రకం రెక్క ఉన్న రెండు చెట్లలో ఒకటి దేశంలో సగం చుట్టింది, మరొకటి కొన్ని కొండల్లో ఉండిపోయింది. రెక్కే విస్తరణను నిర్ణయిస్తుందని చెప్పలేమనడానికి ఇంతకు మించిన సాక్ష్యం అక్కర్లేదు.

ఆఫ్రికాలోని టెరోకార్పస్ అంగోలెన్సిస్ కాయకు చుట్టూ పెద్ద రెక్క, మధ్యలో గరుకు ముళ్లవెంట్రుకలు. దాని మొలక ఏళ్ల తరబడి ఏటా పైన ఎండిపోయి, వేరులో బలం పోగేసుకుని, అప్పుడు ఒక్కసారి ఎదుగుతుంది. కరీబియన్ తీరపు చిత్తడి అడవుల్లోని టెరోకార్పస్ అఫిసినాలిస్ గాలిని దాదాపు వదిలేసింది. దాని కాయ నీటిలో తేలుతుంది, వరదతో, సముద్రంతో ప్రయాణిస్తుంది. ఫిలిప్పీన్స్ జాతీయ వృక్షం నర్రా (టెరోకార్పస్ ఇండికస్) రెక్క కాయే. బర్మాలో సంవత్సరాదికి పూసే పడౌక్ ఇదే కుటుంబపుది. రంగూన్‌లో బతికి తిరిగొచ్చిన మన తెలుగువారి పెద్దతరానికి ఆ పసుపు పూలు తెలిసినవే. అండమాన్ పడౌక్ కూడా ఈ బంధువర్గంలోనిదే.

శేషాచలంలో ఇరుగుపొరుగు

ఎర్రచందనం ఒక్కటే గాలిని నమ్ముకోలేదు. అలిపిరి మెట్లదారి నుంచి ఫిబ్రవరి, మార్చిలలో ఎదురుగా ఆకులేని కొమ్మల నిండా పెద్ద పసుపు పూలతో కనిపించే కొండగోగు, ఆ పూలు కాయలై ఎండాక పగిలి దూదిలో చుట్టిన గింజల్ని వదులుతుంది. బూరుగుదీ అదే దారి. అంకుడు చెట్టుకు జంట కాయలు వేలాడతాయి. విచ్చుకుంటే ప్రతి గింజ కొసనా పట్టు కుచ్చు. బిల్లుడు గింజకు ఒక పక్క రెక్క. తపసి (నెమలినార) కాయ గుండ్రంగా, పలుచగా, రెక్క మధ్యన గింజతో ఎర్రచందనాన్నే పోలి ఉంటుంది, కానీ ఎంతో తేలిక. వేసవిలో వీధుల్లో గుట్టలుగా కొట్టుకొస్తుంది. నల్లమద్దికి ఐదు రెక్కలు నిలువునా.

ఈ కొండల సొంత చెట్లలో మరో రెండింటిని విడిగా చెప్పాలి. తిరుమల కొండల సాంబ్రాణి జాతి, బాస్వెల్లియా ఓవాలిఫోలియోలేటాను 1961లో బాలకృష్ణన్, హెన్రీ అనే వృక్షశాస్త్రజ్ఞులు కొత్త జాతిగా వర్ణించారు. దాని కాయ ఎండి విచ్చుకుంటుంది, లోపలి చిన్న గింజలు గాలికి పోతాయి. రెండోది షోరియా తుంబుగ్గాయా, గుగ్గిలమిచ్చే చెట్టు. పూవు వాడిపోయాక దాని రక్షకపత్రాలు పెరిగి రెక్కలవుతాయి, మూడు పొడవు, రెండు పొట్టి. కాయ గిరగిరా తిరుగుతూ దిగుతుంది. ఎర్రచందనానికీ దీనికీ అసలు తేడా నేల మీద తేలుతుంది. షోరియా గింజకు నిద్ర లేదు. తొలకరి ముందర రాలి, తేమ తగిలితే వెంటనే మొలవాలి, లేకపోతే చనిపోతుంది. ఎర్రచందనం నాలుగైదు నెలలు ఆగగలదు. వాన లెక్క తప్పే ప్రాంతంలో ఈ ఆగగలగడం చిన్న విషయం కాదు.

పక్షుల్ని, జంతువుల్ని నమ్ముకున్నవాటి ముచ్చట వేరు. మొగి (సిజీజియం ఆల్టర్నిఫోలియం), నేరేడుకు దగ్గరి బంధువు, ఈ కొండలకే పరిమితం. పళ్లను పక్షులు, గబ్బిలాలు, ఎలుగుబంట్లతో పాటు మనుషులూ తింటారు. తలకోన వైపు కనిపించే పసుపు గొంతు పిగిలిపిట్ట మర్రి, జువ్వి జాతుల గింజల్ని బండ చీలికల్లో రెట్టతో పాటు నాటుతుంది. పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అభయారణ్యంలో ఏనుగులు తిన్న చింతకాయల గింజలు లద్దెతో కలిసి మరో చోట పడతాయి.

శ్రీగంధాన్ని కూడా ఇక్కడ ప్రస్తావించకుండా ఉండలేం, ఎందుకంటే చాలామంది ఎర్రచందనాన్ని దానికి తోబుట్టువనుకుంటారు. రెంటికీ ఏ చుట్టరికమూ లేదు. శ్రీగంధం వేరే చెట్ల వేళ్ల నుంచి తిండి లాక్కునే సగం పరాన్నజీవి. దాని నల్లని పండు కోయిలలకు, పిగిలిపిట్టలకు ఇష్టం. అందుకే శ్రీగంధం మొక్కలు పిట్టలు వాలే కంచెల వెంట, పొదల కింద ఎవరూ నాటకుండానే మొలుస్తాయి. పిట్ట మోసిన గింజ పొలాన్ని, ఊరిని, రోడ్డును దాటగలదు. గాలి మోసిన ఎర్రచందనం కాయ అడవి అంచు దాటితే దున్నిన చేనులో పడుతుంది, అక్కడితో దాని కథ ముగుస్తుంది.

కొండలు దాటని కారణం

మరో లెక్క. ఒక తరానికి కాయ 50 మీటర్లు ముందుకు పోతుందని, తరానికి 20 ఏళ్లని అనుకుందాం. వెయ్యేళ్లకు రెండున్నర కిలోమీటర్లు. అదీ ప్రతి తరంలోనూ ముందున్న నేల అనువుగా ఉంటేనే. శేషాచలానికి తూర్పున స్వర్ణముఖి మైదానం, చెరువుల కింద వరిమళ్లు. పడమట చిత్తూరు మామిడితోటలు, వేరుశనగ చేలు. లోతైన మట్టి, నిలిచే నీరు, దున్నే నాగలి ఉన్నచోట ఎర్రచందనం గింజ మొలిచినా నిలవదు. ఈ చెట్టు కొండకు కట్టుబడి ఉండటానికి రెక్క చిన్నదవడం ఒక కారణమైతే, కొండ కింద నేల పరాయిదవడం అంతకన్నా పెద్ద కారణమని నా అభిప్రాయం. తమిళనాడు, కర్ణాటక, కేరళల్లో మనుషులు నాటిన చోట ఇది పెరుగుతూనే ఉంది. గింజను తీసుకెళ్లి, కలుపు తీసి, నీడ తొలగించి పెంచే చేయి ఉంటే చాలు. అలా చూస్తే ఈనాడు ఎర్రచందనానికి అతి దూరపు ప్రయాణం చేయిస్తున్నది గాలి కాదు, నర్సరీ సంచి.

గొడ్డలి, నిప్పు

అరుదైన జీవజాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం రెండో అనుబంధంలోకి ఎర్రచందనం 1995లో చేరింది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ఐయూసీఎన్ 1998లో దీన్ని అంతరించే ప్రమాదమున్న జాతిగా ప్రకటించి, 2018లో రెండు మెట్లు దించి, కొద్ది ఏళ్లకే మళ్లీ ప్రమాద జాబితాలో పెట్టింది. 2010లో ఏర్పడిన శేషాచలం బయోస్ఫియర్ రిజర్వు విస్తీర్ణం 4,755 చదరపు కిలోమీటర్లకు పైగా ఉంది. అక్రమ రవాణా ఆపడానికి తిరుపతి కేంద్రంగా ప్రత్యేక దళమే పనిచేస్తోంది. వీటన్నిటిలో లెక్కకొచ్చేది దుంగ. గింజ లెక్క ఎక్కడా రాదు.

దొంగ గొడ్డలి పిల్లచెట్టు మీద పడదు. చేవ కట్టిన పెద్ద మాను మీదే పడుతుంది. ఎక్కువ కాయలు కాసేదీ, ఎత్తు నుంచి రాల్చేదీ ఆ చెట్టే. పైన వేసిన లెక్కలో ఎత్తును పది మీటర్ల నుంచి ఐదుకు దించి చూడండి, కాయ ఎగిరే దూరం సగమైపోతుంది. పెద్ద చెట్లు పోయి మోడు చిగుళ్లు మిగిలిన అడవిలో కాయ తక్కువ, ఎగిరే దూరం తక్కువ, చెట్టుకూ చెట్టుకూ ఎడం పెరగడంతో పరాయి పుప్పొడి కూడా తక్కువ. ఆరు శాతం కాయ కట్టే చెట్టుకు ఈ మూడు దెబ్బలూ ఒకేసారి తగులుతున్నాయి. నరికిన చెట్ల సంఖ్యతో మాత్రమే నష్టాన్ని కొలవడం సరిపోదు.

నిప్పు ఇంకో దెబ్బ. శేషాచలంలో మంటలు రేగే నెలలు, కాయ నేల మీద పడి ఉండే నెలలు ఒకటే. 2014 మార్చిలో తిరుమల అడవుల్లో చెలరేగిన మంటలార్పడానికి వాయుసేన హెలికాప్టర్లను రప్పించాల్సి వచ్చింది. అంత పెద్దవి కాకపోయినా చిన్న మంటలు ఏటా వస్తాయి. ఎండుగడ్డితో పాటు ఆ ఏటి రాలు కాయలూ కాలిపోతాయి. చెట్టు నల్లబడి కూడా బతుకుతుంది కాబట్టి మరుసటి ఏడు అడవి పచ్చగానే కనిపిస్తుంది. పోయింది కంటికి కనిపించదు.

నర్సరీలో పెంచిన లక్షల మొక్కలు అడవిలో గింజ చేసే పనికి పూర్తి ప్రత్యామ్నాయం కాలేవు. కాయలు ఏరడానికి అందుబాటులో ఉన్న కొద్ది చెట్ల నుంచే గింజ సేకరిస్తే అన్ని తోటల్లోనూ ఆ కొద్ది చెట్ల సంతానమే ఉంటుంది. గింజ సేకరించేవారు దూరదూరంగా ఉన్న అనేక చెట్ల నుంచి, వేర్వేరు కొండల నుంచి కొంచెం కొంచెంగా ఏరడం మేలు. అడవిలో మాత్రం ప్రతి వాలులోనూ ముదురు చెట్లను కొన్నింటినైనా విత్తనపు చెట్లుగా గుర్తించి వాటి మీదే ముందుగా కాపలా పెట్టాలి.

అలిపిరి, శ్రీవారి మెట్టు దారుల్లో నడిచేవారు, తలకోనకు విహారానికి వెళ్లేవారు ఫిబ్రవరి నుంచి మే దాకా అడవిలో బీడీ, సిగరెట్ వెలిగించకండి, వంటకు పొయ్యి రాజేయకండి. దారి పక్కన రెక్కల కాయ కనిపిస్తే చేతిలోకి తీసుకుని చూడండి, పిల్లలకు చూపించండి, మళ్లీ అక్కడే వదిలేసి రండి.